అడుగు కోసిన ట్యాంకు

ఊళ్ళో ఎవరింట్లో ఏ డబ్బా ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆ ఇంటివాళ్ళకంటే ముందు మరెవేయాకి తెలిసేది. తరావా నుంచి సరుకుల పడవ వచ్చి మైయానా దీవి రేవులో ఆగిందంటే, తక్కిన ఆడవాళ్ళంతా బియ్యం ఎంత దిగింది, పంచదార ఎంత దిగింది, డబ్బా మాంసం వచ్చిందా లేదా అని చూసేవాళ్ళు. మరెవేయా మాత్రం అవి వేటిలో దిగాయో చూసేది. బిస్కెట్లు పలకల రేకు డబ్బాలో వచ్చాయా, అట్టపెట్టెలో వచ్చాయా? నూనె దేంట్లో వచ్చింది? రంగు బకెట్లు ఎవరింటికి పోతున్నాయి? ఒకసారి పాస్టరుగారి ఇంట్లో ఇంకా మూతైనా తీయని బిస్కెట్ డబ్బా మీద చెయ్యి వేసి, "అక్కా, ఇది అయిపోయాక నాకు" అంది.

"అయిపోయేదాకా ఆగుతావా, నన్నూ మా ఆయన్నీ ఇప్పుడే కూర్చుని తినేసి ఇచ్చేయమంటావా?" అంది పాస్టరమ్మ.

"తినేస్తే నాకేం అభ్యంతరం లేదక్కా."

నవ్వులాటగా చెప్పుకుంటారు గానీ ఆవిడ అవసరం అలాంటిది. అక్కడ నేలంతా పగడపు ఇసుక. మట్టి అనేది ఎవరికి వాళ్ళు తయారు చేసుకోవాల్సిన వస్తువు. రాలిన ఆకులు, పీచు, పొయ్యి బూడిద, పందుల దొడ్డి ఊడ్చినదీ కలిపి నెలల తరబడి మగ్గబెడితే గంపెడు మట్టి అవుతుంది. దాన్ని దేంట్లోనైనా దాచుకోకపోతే రెండు వానలకి ఇసుకలోకి దిగిపోయి, అసలు ఉందో లేదో తెలియకుండా పోతుంది.

ఏ మొక్కకి ఏ పాత్ర అన్నది మాత్రం మరెవేయాని అడగాల్సిందే. ముందు పాత్రని వేలి కణుపుతో తట్టి చెవి పెట్టి వినేది. బిస్కెట్ డబ్బాలో ఆకుకూరలు వేసేది. ఆ రేకు పల్చన, ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా పొట్ట పగులుతుంది, ఆకుకూర ఆయుష్షూ అంతకంటే ఎక్కువేం కాదు కాబట్టి రెండూ ఒకేసారి పోతాయి. తుప్పుపట్టిన ఆ రేకునీ పారేసేది కాదు. నలగ్గొట్టి చేమ మొదట్లో పాతిపెట్టేది. తెల్ల ఇసుకలో మొక్క పాలిపోకుండా ఉండాలంటే దానికి తుప్పు తినిపించాలి మరి. టమాటాలకి తెల్ల బకెట్టు. నల్ల బకెట్టు ఎవరైనా ఊరికే ఇస్తామన్నా మూతి తిప్పుకునేది, మధ్యాహ్నం ఎండకి వేళ్ళు అందులోనే ఉడికిపోతాయని. తప్పనిసరైతే దానికి చుట్టూ కొబ్బరాకు చాప చుట్టేది. గుమ్మడికి పాడైపోయిన ఫ్రిజ్జు, తలుపు ఊడదీసి వెల్లకిలా పడుకోబెట్టి. బొప్పాయికి సగానికి కోసిన డీజిలు పీపా. కోశాక లోపల పీచు వేసి తగలబెట్టి, తల మొత్తం పీపాలో దూర్చి వాసన చూసి, ఇంకా కంపు కొడితే మళ్ళీ తగలబెట్టేది. ఆ పూటంతా మొహం మసిబొగ్గులా ఉండేది, అలాగే ప్రార్థనకి పోయేది. నిమ్మకి లారీ టైరు. సీమపనసని మాత్రం ఏ పాత్రలోనూ పెట్టనిచ్చేది కాదు. గోడ తగిలిందంటే దాని వేళ్ళు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూనే ఉంటాయట, ఎంత పెద్ద పీపా ఇచ్చినా అంతేనట.

అన్నిటికంటే చిల్లు దగ్గర ఆవిడ చాలా పట్టుదల మనిషి. చిల్లు అడుగున కొట్టేది కాదు. పక్కగా, అడుక్కి వేలెడు పైన కొట్టేది. ఎక్కువైన నీళ్ళు పోవాలి, ఆ వేలెడు నీళ్ళు మాత్రం ఎండరోజుకి ఉండాలి. పాస్టరమ్మ అందంగా ఉంది కదా అని రాకాసి ఆల్చిప్పలో మిరప మొక్కలు వేసింది. చిప్పకి నీళ్ళు పోయే దారి ఎక్కడిది? మిరప మునిగి చచ్చింది. "పాత్రకి ముందు అడుగు చూడాలక్కా, తర్వాత మొహం" అంది మరెవేయా. ఈ మాట పాస్టరమ్మ మర్చిపోలేదు.

మరెవేయా మొగుడు ఇటాకా చేపల వేటకి పోయే మనిషి, నోరు ఊరుకోదు. "నన్నూ అలాగే తట్టి చూసి చేసుకుంది. లోపల ఏం లేదు, మోత బాగా వస్తుందని" అనేవాడు అందరి ముందూ.

"మోత వచ్చిందని కాదు, చిల్లు లేదనుకుని చేసుకున్నాను. కల్లు పోసినప్పుడు తెలిసింది" అనేది ఆవిడ.

ఇన్ని డబ్బాలు, ఇన్ని బకెట్లు ఉన్నా మరెవేయా మనసు మాత్రం చేమ మీద ఉండేది. మామూలు చేమ కాదు. ఏనుగు చెవులంత ఆకులతో, మనిషి నడుమంత దుంపతో, నేలనీరు తగిలేదాకా తవ్విన గుంటలో ఏళ్ళ తరబడి పెంచే గుంట చేమ. ఆవిడ అబెమామా దీవి పిల్ల. పెళ్ళై మైయానాకి వచ్చేటప్పుడు పడవలో ఒళ్ళో తడి చాప చుట్టి పెట్టుకున్నది తల్లి ఇచ్చిన చేమ తల. దుంపని కోసి తిన్నాక ఆకుకాడతో మిగిలిన పైముక్కని తల అంటారు. అది నాటితే మళ్ళీ అదే చేమ. ఆ రకం వాళ్ళమ్మ కుటుంబంలో తప్ప ఎక్కడా లేదు. దానికి ఏ ఆకులు, ఏ చంద్రుడప్పుడు, ఏ వరసలో వెయ్యాలన్నది కూడా తల్లి చెవిలో చెప్పి పంపింది. ఆ వరస మొగుడికైనా చెప్పకూడదు. మరెవేయా చెప్పలేదు కూడా. ఆకులు వేసేటప్పుడు ఇటాకా గుంటవైపు వస్తే, "అవతలికి పో, సముద్రం అటుంది" అనేది.

మైయానాలో ఆవిణ్ణి మొదట్లో పైదీవి పిల్ల అనే అన్నారు. చేమ ఎదిగి, ఊరి సావడిలో పండగనాడు ఇద్దరు మగవాళ్ళు కర్రకి కట్టి మోసుకొచ్చి పెట్టాక, పెద్దాయన నిలబడి "ఇది మరెవేయా చేమ" అని పేరు పెట్టి పిలిచాడు. ఆ రోజునుంచి ఆవిడ ఆ ఊరి మనిషి అయింది. ఏటేటా ఆ పిలుపు వినేది. తలొంచుకుని, ఏమీ పట్టనట్టు, చాప ఈనెలు గిల్లుతూ వినేది.

తర్వాత ఒక పోటు పున్నమికి సముద్రం ఊరు దాటి గుంటల్లోకి దిగింది. ఉప్పు తాగిన చేమలన్నీ అంచులు మాడి, మెడలు వేలేసి కుళ్ళిపోయాయి. అబెమామాలో వాళ్ళమ్మ గుంటా అలాగే పోయిందని పడవలో వచ్చినవాళ్ళు చెప్పారు. ఆవిడ గుంటలోంచి పక్కపిలక ఒక్కటి మాత్రం వేళ్ళు తెల్లగా దక్కింది. ఆ రకానికి లోకంలో మిగిలింది అదే. పండగలకి అందరూ బియ్యం బస్తాలే పెట్టసాగారు. బియ్యం బస్తాకి పేరేం పెట్టి పిలుస్తారు? పెద్దాయన "బియ్యం, ఫలానా ఇల్లు" అనేసి పక్కదానికి పోయేవాడు.

అప్పుడే సావడిని కొత్తగా కట్టాలని పెద్దలు నిర్ణయించారు. స్తంభాలు, మొగలాకు కప్పు, పీచుతాళ్ళు అన్నీ పోగవ్వాలంటే ఏళ్ళు పడుతుంది. అది పూర్తయిన రోజున తన చేమ అక్కడ ఉండాలి, తన పేరు మళ్ళీ ఒక్కసారి ఆ కప్పు కింద వినపడాలి. మరెవేయాకి ఇంకో కోరిక లేదు.

గుంట పనికిరాదు. మరి పిలకని దేంట్లో పెట్టాలి? డబ్బాలన్నీ తట్టి చూసింది. ఏదీ చాలదు. ఊరంతా తిరిగి చివరికి తోడికోడలు తేబో పెరట్లో ఆగింది. ఇటాకా అన్న కౌటు ఇల్లది. అక్కడ చూరు కింద వాననీళ్ళ ట్యాంకు ఒకటి, పక్కన చీలిక పడి, సగం వరకే నీళ్ళు పట్టి ఉంది. చీలికకి పూసే జిగురు పడవలో వస్తే కౌటు బాగు చేద్దామనుకుంటున్నాడు. ఆ మాట మరెవేయాకీ తెలుసు. తెలిసే అడిగింది.

తేబో చాప అల్లుకుంటోంది. వచ్చినవాళ్ళు కూర్చునే మంచె మరెవేయా ఎక్కలేదు, చాప అంచున కిందనే కూర్చుంది. అలా కూర్చోవడం చూడగానే తేబో చేతులు ఆగిపోయాయి.

"అక్కా, బుబుసికి వచ్చాను."

బుబుసి అంటే చుట్టరికం మీద అడగడం. ఆ ఒక్క మాట అన్నాక చుట్టానికి లేదనడం అక్కడ కుదరదు. చొక్కా అడిగితే చొక్కా, పడవ అడిగితే పడవ ఇవ్వాలి. లోపల ఏడ్చినా పైకి నవ్వాలి. లేదన్నవాళ్ళ పేరు మనవల కాలం దాకా చెప్పుకుంటారు. అందుకే మర్యాద తెలిసినవాళ్ళు ఉప్పో, నిప్పో, వలో అడుగుతారు గానీ ఎదుటివాళ్ళు ఇవ్వలేనిది అడగరు.

"ఏం కావాలి?" అంది తేబో.

"ఆ ట్యాంకు."

తేబో ట్యాంకు వైపు చూసింది. లోపల మంచె మీద పడుకున్న అత్తగారు తావిరా వైపు చూసింది. "నీళ్ళకా?"

"చేమకి."

"చేమకి." తేబో ఆ మాటని నోట్లోనే నమిలి, నవ్వింది. "తీసుకో. సగం నీళ్ళున్నాయి, అవీ తీసుకో. మీ బావగారు వచ్చాక మోయిస్తాను."

అత్తగారు మంచె మీదినుంచి, "ఎవరే అది, మరెవేయానా? చేమ తెచ్చిందా?" అంది. కళ్ళు సరిగా కనపడవు ఆవిడకి. చేమ అన్న మాట మాత్రం ఎంత దూరాన అన్నా వినపడుతుంది.

"తెస్తుందిలే అత్తా, ముందు ట్యాంకు తీసుకెళుతోంది" అంది తేబో.

ట్యాంకుని గుంట పక్కనే, పల్లంగా ఉన్నచోటికి దొర్లించుకొచ్చారు. మరెవేయా కత్తీ రంపమూ తెచ్చి, దాన్ని పక్కకి పడుకోబెట్టి, అడుగు చుట్టూ గీత గీసింది.

ఇటాకా నోట్లోంచి సిగరెట్టు తీశాడు. "ఏం చేస్తున్నావే?"

"అడుగు కోస్తున్నా."

"వేలెడు పైన చిల్లు కొట్టే మనిషివి, మొత్తం అడుగే తీసేస్తావా?"

"అవి కూరగాయలు. ఇది చేమ. చేమ బుట్టకి అడుగుంటుందా ఎక్కడన్నా?"

ఇటాకా మళ్ళీ సిగరెట్టు నోట్లో పెట్టుకున్నాడు. గుంటలో చేమ చుట్టూ మొగలాకు బుట్ట అల్లుతారు, దానికి అడుగు ఉండదు. పైనుంచి ఆకులూ మట్టీ మేత, కిందనుంచి వేళ్ళకి నేలనీరు. తాతల నాటినుంచి అంతే. అడుగున్న బుట్టలో చేమ పెట్టేవాళ్ళని చూస్తే ఊళ్ళో పిల్లలు కూడా నవ్వుతారు. మరెవేయా ట్యాంకుని, సముద్రం పొంగినా గోడ ఆపే పెద్ద బుట్ట అనుకుంది. అడుగు కోసి, చదునైన పళ్ళెంలా ఊడొచ్చిన ఆ ముక్కని పక్కకి తోసేసి, మిగిలిన దాన్ని ఇసుకలో నిలబెట్టి, మట్టి నింపి, పిలకని నాటింది.

మొదటి ఏడాది వానలు దండిగా పడ్డాయి. చేమ లేచింది, లేచింది, ఆకులు తెరచాపల్లా ట్యాంకు అంచు మీదినుంచి బయటికి వాలాయి. ఊళ్ళో వాళ్ళు సాయంత్రాలు అటువైపు నడిచొచ్చేవాళ్ళు. మరెవేయా చేమ మీద చాప కప్పేది దిష్టి తగలకుండా, మళ్ళీ తనే తీసి చూపించేది.

"ఏం పెడుతున్నావే దీనికి?" అనేది పాస్టరమ్మ.

"ప్రార్థన."

"మరి మా మిరపకి?"

"మీరు ఇంట్లోనే చేస్తారు కదక్కా."

తేబో కూడా వచ్చింది ఒకసారి. చేమని చూడలేదు. ట్యాంకు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పక్కన పడున్న అడుగు ముక్కని కాలితో కదిపి, "దీన్ని అతికించడం అవుతుందా?" అని అడిగింది.

"ఎందుకక్కా అతికించడం?"

"ఊరికే అడిగాను. జిగురు వచ్చింది మొన్నటి పడవలో" అంది తేబో, అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వానలు ఆగిపోయాయి. ఒక నెల, రెండు నెలలు అని మొదట లెక్క పెట్టారు, తర్వాత మానేశారు. బావుల్లో నీళ్ళు నాలిక మీద చురుక్కుమనడం మొదలుపెట్టాయి. ట్యాంకులున్న ఇళ్ళల్లో మూతలకి తాళాలు పడ్డాయి. ట్యాంకు లేని కౌటు ఇంట్లో తేబో రోజూ బకెట్టు పట్టుకుని పాస్టరుగారింటికి పోయేది. దాహమైన ఇంటికి చుట్టాలు ఉంటారు గానీ రోజూ ఉండరు. పాస్టరమ్మ మొహం రానురానూ మారింది. తేబో కొన్నాళ్ళు బుబుసి అంది, తర్వాత ఆ మాట అనడం కూడా మానేసి బకెట్టు కింద పెట్టి నిలబడేది. ముసలావిడకి బావి ఉప్పునీళ్ళు పడలేదు. కడుపు వదులై మంచం పట్టింది.

మరెవేయా చూసింది, చూడనట్టు ఉంది. ఆవిడకి తన బాధ తనది. చేమ ఆకు అంచున సన్నగా, గోరు గీసినట్టు గోధుమ రంగు గీత వచ్చింది. ఆ గీతని ఆవిడ ఇంతకుముందు చూసింది, సముద్రం గుంటలోకి దిగిన తర్వాత. చేత్తో మట్టి తవ్వి కిందికి పోయి, చెమ్మ తగిలిన చోట వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. ఉమ్మేసింది.

వాన లేకపోతే తియ్యనీరు కిందికి దిగి ఉప్పునీరు పైకి వస్తుందని ఆ దీవిలో బావి తవ్విన ప్రతివాడికీ తెలుసు. మరెవేయాకీ తెలుసు. అడుగుంటే అది లోపలికి వచ్చేది కాదు. వేలెడు పైన చిల్లు పెట్టి, తాగే నీళ్ళలోంచి రోజూ ఒక చెంబు పోసి ఉంటే, బిస్కెట్ డబ్బాలో తోటకూర బతికినట్టు ఇదీ బతికేది. ప్రతి బకెట్టుకీ అంత ఆలోచించిన మనిషి చేమ దగ్గరికి వచ్చేసరికి ఆలోచించలేదు. అది ఆలోచించే విషయమే కాదనుకుంది.

"నేను అడిగాను కదే" అన్నాడు ఇటాకా, మెల్లిగానే.

"అడిగావు. ఆపావా?"

పెద్ద చేమ కుళ్ళిపోయింది. దాని పక్కన మళ్ళీ ఒక పిలక మాత్రం పచ్చగా ఉంది. మరెవేయా దాన్ని ఊడదీసి, వేళ్ళని ఇంట్లో దాచిన కాసిని వాననీళ్ళతో కడిగి, సగం పీపాలో పెట్టింది. అడుగున్న పీపా. పక్కన, వేలెడు పైన చిల్లు. చూసిన వాళ్ళు నవ్వారు. ఆవిడ తల ఎత్తలేదు. తన వంతు నీళ్ళలో సగం దానికి పోసింది. పెదాలు పగిలాయి, మాట తగ్గింది. ఆకుల వరస తల్లి చెప్పినట్టే వేసింది. పీపాలోనూ చేమ పెరుగుతుందని ఆ దీవిలో మొదట తెలుసుకున్నది ఆవిడే. ఆ సంగతి ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

మళ్ళీ వానలు వచ్చేసరికి సావడి స్తంభాలు లేచాయి, కప్పు సగం వేశారు. పీపాలో దుంప మోచేతి లావయింది. పండగ నాటికి ఇంకా ఎదుగుతుంది. ఇద్దరు మగవాళ్ళు మొయ్యాల్సిన పని లేకపోయినా, ఒకడు భుజాన వేసుకొచ్చేంత ఉంటుంది. పేరు పెట్టి పిలవడానికి చాలు.

ఒక పొద్దున్న ఆవిడ పీపా దగ్గర ఆకులు సర్దుతుంటే తేబో వచ్చింది. మంచె ఎక్కలేదు. చాప అంచున కిందనే కూర్చుంది. మరెవేయా చేతులు ఆగిపోయాయి.

"రా అక్కా, పైకి రా. కల్లు పాకం కలిపిన నీళ్ళు తాగుదువు గాని."

"ఇక్కడ బాగానే ఉంది. బుబుసికి వచ్చాను."

"ఏం కావాలక్కా?"

తేబో తల తిప్పకుండా పీపా వైపు చూపించింది. "అత్తకి ఇక ఎక్కువ రోజులు లేవు. నిన్నటినుంచి ఒకటే మాట, చేమ పెట్టండి, చేమ పెట్టండి. మరెవేయా తెస్తుందన్నావు కదా అంటోంది."

"ఇంకా లేతది అక్కా. నీళ్ళ నీళ్ళగా ఉంటుంది. ఇప్పుడు తింటే గొంతు దురద."

"ఆవిడకి తెలుస్తుందా ఏం?"

"పండగ దాకా ఆగితే..."

"నేనూ అనుకున్నాను, జిగురు వచ్చేదాకా ఆగుదామని" అంది తేబో. గొంతు పెంచలేదు. మొహంలో కోపం కూడా లేదు. నీళ్ళ కోసం తిరిగి తిరిగి అది ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. "బుబుసి అన్నాను, మరెవేయా."

పక్కింటివాళ్ళు మంచె మీదినుంచి ఇటు తిరిగి చూశారు. ఇటాకా వల బాగుచేస్తున్నవాడు తల వంచుకుని ఇంకో ముడి వేశాడు. ముసలావిడ అతని తల్లి. అతను మాత్రం ఏమంటాడు?

"తీసుకో" అంది మరెవేయా. అని నవ్వింది. నవ్వడం కూడా అందులో భాగమే కదా. తనే పీపాలో చేతులు పెట్టి, మట్టి వదులు చేసి, వేళ్ళు తెగకుండా దుంపని పైకి తీసి, ఆకు చుట్టి తేబో చేతుల్లో పెట్టింది.

"తల..." అని మొదలుపెట్టింది.

"నాటుతాంలే. మాకూ తెలుసు" అంది తేబో.

మధ్యాహ్నం దాటాక తేబో కొబ్బరి చిప్పలో వాటా తెచ్చిచ్చింది, అత్తగారింట్లో ఏం వండినా ఇద్దరు కోడళ్ళకీ వాటా వెళ్ళాలి. చేమని తురిమి, కొబ్బరిపాలు పోసి ఉడికించారు. మరెవేయా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చప్పగా, నీళ్ళ నీళ్ళగా, వాళ్ళమ్మ చేమ రుచి ఛాయలకైనా లేదు. గొంతులో దురద మొదలైంది. పారేయకూడదు కాబట్టి మొత్తం తిన్నది.

"అత్త తిందా?" అని అడిగింది.

"రెండు ముద్దలు. ఇది చేమ కాదంది, నేను మోసం చేస్తున్నానంది." తేబో చిప్ప తీసుకుంది. "తల నాటించింది. ఎక్కడ నాటాలో ఆవిడే చెప్పింది."

"పీపాలోనా?"

"పీపాలో చేమేమిటి? మన పాత గుంటలో. చేమ పుట్టిన చోట చేమ ఉండాలి, అక్కడ పెట్టకపోతే నేను కళ్ళు మూసినా మూసినట్టు కాదంది. ఆవిడ మాట కాదంటానా ఇప్పుడు?"

సముద్రం దిగిన ఆ ఉప్పుగుంట. మరెవేయా నోరు తెరిచింది. ఆ నిమిషాన చాప అంచున కూర్చుని బుబుసి అనేస్తే చాలు, తేబో లేదనలేదు. తల తిరిగి వచ్చేది. ఇంకో పీపా, ఇంకో పక్కచిల్లు, మళ్ళీ కొన్నేళ్ళు. కానీ ఈ మనిషి దగ్గర ఒకసారి ఆ మాట అని ట్యాంకు తెచ్చుకుంది. ఎండ రోజుల్లో బకెట్టు పట్టుకుని పాస్టరుగారి గుమ్మంలో నిలబడ్డ తేబో కళ్ళముందు కదిలింది. నోరు మూసుకుంది.

"ఏమన్నా అంటున్నావా?" అంది తేబో.

"ఏం లేదు."

తేబో ఒక క్షణం ఆగింది. అడిగితే ఇద్దామనే ఆగిందేమో, ఎవరికి తెలుసు? అడగందే ఇచ్చే అలవాటు అక్కడ లేదు. చిప్ప ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

ముసలావిడ ఆ వారంలోనే పోయింది. గుంటలో తల కొత్త ఆకు ఒకటి విప్పింది. రెండోది విప్పుతూ ఉండగా అంచున గోధుమ గీత వచ్చింది. మరెవేయా నీళ్ళకి పోయేటప్పుడు ఆ దారినే పోవాలి. చూడకుండా పోవడం నేర్చుకుంది. కొన్నాళ్ళకి అక్కడ చూడ్డానికీ ఏమీ లేకపోయింది. అడుగు కోసిన ట్యాంకుని కౌటు తీసుకుపోయి, ఇసుకలో పాతి, పందిపిల్లల్ని అందులో వేశాడు. గట్టి గోడ, ఎక్కి దూకలేవు, బాగా పనికొచ్చిందని అందరూ అన్నారు.

కొత్త సావడి ప్రారంభం రోజున మొగలాకు కప్పు ఇంకా పచ్చివాసన వేస్తోంది. సామాన్లు వరసగా పెట్టారు. పెద్దాయన నడుస్తూ చెప్పుకుపోయాడు. "బియ్యం, కౌటు ఇల్లు. బియ్యం, ఇటాకా ఇల్లు. బియ్యం..." మరెవేయా చాప ఈనెలు గిల్లుతూ కూర్చుంది. పక్కన కూర్చున్న తేబో ఆవిడ చేతుల వంక చూసి, తన చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

మర్నాడు పాస్టరమ్మ వచ్చింది. ఈవిడ మంచె ఎక్కి సుఖంగా కూర్చుని, కాసేపు పండగ కబుర్లు చెప్పి, పెరట్లోకి చూసింది.

"ఆ పీపా ఖాళీగానే ఉన్నట్టుందే. మిరప వేసుకుంటాను, ఇస్తావా?"

ఏ ఆకులు, ఏ చంద్రుడప్పుడు, ఏ వరసలో వేస్తే తయారైన మట్టో అది. మొగుణ్ణి కూడా దగ్గరికి రానివ్వని మట్టి.

"తీసుకో అక్కా" అంది మరెవేయా. "మట్టితో సహా తీసుకుపో."